జనాభా మీద నిపుణులు రాసిన వ్యాసాలు పదో తరగతి పిల్లలతో చదివించడం ఎలా?

లంకమాస్టారు:

అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతుంటాను. పుస్తకంలోని జనాభా పాఠం వాళ్లకు కంఠతా వచ్చు. జనాభా పెరగడానికి కారణాలు, పెరిగితే వచ్చే నష్టాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. అదే జనగణన నివేదికలోంచి ఒక పేజీ చేతిలో పెడితే నోరు పెగలదు.

దేశంలో దశాబ్ద వృద్ధి రేటు 1991–2001లో 21.54 శాతం, 2001–2011లో 17.7 శాతం అన్న వాక్యం ఇచ్చి, దాని అర్థం సొంత మాటల్లో రాయమన్నాను. సగం మంది ‘జనాభా తగ్గింది’ అని రాశారు. మిగతా సగం ఆ వాక్యాన్నే తిరిగి ఎక్కించారు. వీళ్లలో ఎవరు నయమో తేల్చుకోలేకపోతున్నాను.

ఒక అమ్మాయి మాత్రం చురుకైనది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా జనాభా 2001లో 49.01 లక్షలు, 2011లో 51.54 లక్షలు. ఇప్పటి జిల్లా లెక్క ఎక్కడో చూసుకొచ్చి, “అంత జనం ఏమైపోయారు మాస్టారూ?” అంది. 2022 ఏప్రిల్లో కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయాయని, గోదావరి అవతలి కొవ్వూరు, నిడదవోలు వచ్చి ఇందులో చేరాయని చెప్పాను. అడిగినందుకు సంతోషించాను. అడగకుండా తలూపే వాళ్ల గురించే నా బెంగ.

నాకు కావలసింది జనాభా పాఠం చెప్పే పద్ధతి కాదు, ఇలాంటి రాతలు చదివించే పద్ధతి. కష్టమైన మాటలకు అర్థాల పట్టిక ఇచ్చి చూశాను, లాభం లేదు. వీడియోలు చూపించమని మాత్రం దయచేసి చెప్పకండి.

తణుకు లెక్చరర్:

మాస్టారూ, అర్థాల పట్టిక పక్కన పెట్టి తీసివేతలు చేయించండి. దేశ జనాభా 1991లో 84.64 కోట్లు, 2001లో 102.87, 2011లో 121.09. రెండు దశాబ్దాల్లోనూ అదనంగా చేరిన వాళ్లు ఇంచుమించు 18.2 కోట్లే! శాతం దాదాపు నాలుగు పాయింట్లు పడిపోయింది, చేరిన జనం మాత్రం అంతే. ‘తగ్గింది’ అని రాసిన పిల్లవాడి చేతనే బోర్డు మీద ఈ లెక్క వేయించి ఊరుకోండి. మీరు వివరించకండి. దేని మీద శాతం కట్టారో ఆ మొత్తమే పెరిగిందని వాడికి తట్టేవరకు ఆగండి. ఒక పీరియడు పోయినా నష్టం లేదు.

ఆ తర్వాత, పేజీలో ఏ రేటు కనిపించినా ‘ఎందరిలో? ఎన్నాళ్లలో?’ అని పెన్సిలుతో పక్కన రాయించండి. జననాల రేటు వెయ్యి జనాభాకు. శిశు మరణాల రేటు సజీవంగా పుట్టిన వెయ్యి మంది శిశువులకు. సంతానోత్పత్తి రేటు, అంటే జీవితకాలంలో కనే పిల్లల సగటు, ఒక్కో స్త్రీకి. మూడూ ఒకే పేరాలో వస్తాయి. రాసినాయన మొదటిసారి చెబితే చెబుతాడు, రెండోసారి చెప్పడు. చదివేది తనలాంటి వాళ్లేనని ఆయన ధీమా.

కాలువగట్టు:

ఇంత దూరం ఎందుకండీ? పిల్లలను పంటకాలువ దగ్గరికి తీసుకెళ్లండి. గుర్రపుడెక్క అనువైన నీటిలో రెండు వారాల లోపే రెట్టింపవుతుంది. సగం కాలువ ఖాళీగానే ఉందిలే అనుకుంటే మరో రెండు వారాలకు నీళ్లు కనపడవు. ఏటి వృద్ధి శాతంతో 70ని భాగిస్తే రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. 2 శాతమైతే 35 ఏళ్లు. ఇది తెలిస్తే ఏ వ్యాసమైనా చదవగలరు.

లంకమాస్టారు:

కాలువగట్టు గారూ, 70 సూత్రం తప్పకుండా చెబుతాను. కానీ మా వాళ్ల సంగతి నాకు తెలుసు. అప్పటి తూర్పు గోదావరి వృద్ధి 5.16 శాతం అని ఉంటే, 70ని దానితో భాగించి, పద్నాలుగేళ్లలో జిల్లా రెట్టింపు అని తేల్చేస్తారు. అది పదేళ్లకు కట్టిన శాతం. ఏటికి అర శాతం వేసుకుంటే 140 ఏళ్లు. లెక్చరర్ గారి ‘ఎన్నాళ్లలో?’ విలువ ఇక్కడే తెలుస్తోంది.

పైగా గుర్రపుడెక్క మన మాట విని నెమ్మదించదు, మనుషులు నెమ్మదించారు. ప్రపంచ జనాభా వృద్ధి 1960లలో ఏటికి 2 శాతం దాటింది, ఇప్పుడు 1 శాతం లోపే. 35 ఏళ్లని లెక్క కట్టిన పిల్లవాడు ఆ రేటు 35 ఏళ్లూ కదలదని నమ్మేస్తాడు. కాబట్టి కాలువ దగ్గరికి ఒక్క పూటే తీసుకెళ్తాను.

ఉపకేంద్రం నర్సు:

మాస్టారూ, నేను పాలకొల్లు వైపు ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి పదో తరగతే కాబట్టి చెబుతున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7. వలసల సంగతి అలా ఉంచితే, జనాభా నిలకడగా ఉండాలంటే సుమారు 2.1 ఉండాలి. “మరి 1.7కి పడిపోయాక కూడా జనాభా పెరిగిందని రాస్తారేమిటమ్మా?” అని ఒక వ్యాసం చదువుతూ మా వాడు పేచీ పెట్టాడు.

చెబితే వినే రకం కాదు. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, డెబ్బై దాటిన వాళ్లు ఎందరు, ఇరవై నుంచి ముప్పై అయిదు లోపు ఆడవాళ్లు ఎందరు రాసుకురమ్మన్నాను. పెద్దవాళ్లు కొద్దిమందే, వయసులో ఉన్నవాళ్లు చాలా ఎక్కువ. ఒక్కొక్కరు ఒకరినో ఇద్దరినో కన్నా పుట్టేవాళ్లే పోయేవాళ్లను మించుతారు. అది సర్దుకోవడానికి ఒక తరం పడుతుంది. మరునాడు ఆ వ్యాసంలో అదే విషయమున్న పేరా వాడే వేలుపెట్టి చూపించాడు.

ఇంకొకటి. మన వైపు ఇళ్లలో సగం తాళాలేనని మీకు తెలియనిది కాదు. కువైట్ వెళ్లిన ఆడపడుచులు, హైదరాబాదులో స్థిరపడ్డ కొడుకులు. పరాయి దేశంలో ఉన్నవాళ్లు మన జనగణనలోకి రారు. 2001–2011 మధ్య పశ్చిమ గోదావరి వృద్ధి 3.51 శాతమే అంటే, పిల్లల్ని తక్కువ కన్నారనా, ఊరు విడిచారనా? ఆ అంకె ఒక్కటే చూస్తే తేలదు. వ్యాసం ఏం చెప్పలేదో కూడా రాయించండి.

పాత పత్రికలు:

నాదొక సలహా. ఒక వ్యాసం కాదు, రెండు ఇవ్వండి. ఇద్దరికి మించి పిల్లలున్న వాళ్లు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని మన రాష్ట్రం 1994లో చట్టంలో పెట్టింది, 2024లో ఎత్తేసింది. ఆనాటి వ్యాసం ఒకటి, ఈనాటిది ఒకటి పక్కపక్కన పెట్టండి. జనం ఎక్కువవుతున్నారని అది, పిల్లలు తగ్గిపోతున్నారని ఇది. రెండింటిలోనూ అంకెలు ఉంటాయి. ఎవరు ఏ అంకె మీద నిలబడి మాట్లాడుతున్నారో పట్టుకోవడమే వాళ్ల పని.

భవిష్యత్తు అంచనాలను మాత్రం విడిగా చదివించండి. భారత జనాభా 2060లలో దాదాపు 170 కోట్ల దగ్గర ఆగి, ఆపై తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. అది మధ్యస్థ అంచనా. ఒక్కో స్త్రీకి సగటున అర బిడ్డ ఎక్కువైతే ఒక గీత, అర బిడ్డ తక్కువైతే మరో గీత అందులోనే గీసి ఉంటాయి. పత్రికలకు మధ్య గీత ఒక్కటే కనిపిస్తుంది. ‘ఇలా ఉంటే’ అన్న షరతు వ్యాసంలో ఎక్కడుందో వెతికి గీత గీయమనండి.

లంకమాస్టారు:

నర్సమ్మగారూ, వీధి లెక్క ఈ ఆదివారమే పెట్టిస్తాను. మా పిల్లలు తాళం వేసిన ఇళ్లను ఏ గడిలో రాయాలని అడగడం ఖాయం. మూడో గడి గీసి ఇస్తాను, పేరు వాళ్లే పెట్టుకుంటారు. రెండు వ్యాసాల పద్ధతి దసరా సెలవుల తర్వాత. 1990ల నాటి తెలుగు వారపత్రికలు అమలాపురం చుట్టుపక్కల ఏ గ్రంథాలయంలో ఉన్నాయో తెలిసినవారు చెబితే బస్సెక్కి వెళ్లి చూసుకుంటాను.