అడిక్షన్ రీసెర్చ్ ల్యాబ్‌లో ఎవరి పని ఏంటి? ఆర్‌ఏ ఇంటర్వ్యూకి ఏం తెలుసుకుని వెళ్లాలి?

వేసవిగాలి:
అందరికీ నమస్కారం. అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) రెండో ఏడు చదువుతున్నాను, ఎఫ్‌-1 వీసా. మా యూనివర్సిటీలో వ్యసనాల మీద పనిచేసే ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్ (ఆర్‌ఏ) ఉద్యోగానికి వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది. మెథాంఫెటమైన్ వాడేవాళ్లతో కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ ట్రయల్ నడుపుతున్నారు. యూరిన్ టెస్ట్ నెగటివ్ వస్తే గిఫ్ట్ కార్డు ఇచ్చే పద్ధతి అన్నమాట.

టీమ్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు: పీఐ (ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే ప్రాజెక్టు పెద్ద), కో-ఇన్వెస్టిగేటర్లు, కోఆర్డినేటర్, పీర్ స్పెషలిస్ట్, డేటా మేనేజర్, స్టాటిస్టీషియన్. వీళ్లలో అసలు పని ఎవరు చేస్తారు, ఆర్‌ఏ రోజంతా ఏం చేస్తారు, వీసా పరంగా చిక్కులేమైనా ఉన్నాయా? రెండు మూడేళ్ల తర్వాత తెలంగాణ వచ్చి ఇదే రంగంలో పనిచేయాలని ఉంది. అక్కడ ఇది ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పగలరు.

పాతకోఆర్డినేటర్:
ముందు ఎవరి జీతం ఎక్కడినుంచి వస్తుందో చూడండి, మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పీఐ గ్రాంటు తెచ్చినవారు. డ్రగ్స్ మీద పనైతే డబ్బు ఎక్కువగా నైడా నుంచి, మద్యం మీదైతే ఎన్‌ఐఏఏఏ నుంచి వస్తుంది. రెండూ అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కిందివే. ఒక ప్రాజెక్టుకి ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఆర్01 గ్రాంటు మామూలుగా ఐదేళ్లు. కో-ఇన్వెస్టిగేటర్లు తమ సమయంలో ఐదో పదో శాతం ఈ ప్రాజెక్టుకి రాసిస్తారు, కాబట్టి మీకు మీటింగుల్లోనే కనిపిస్తారు. నూటికి నూరు శాతం ఈ గ్రాంటు మీదే బతికేది కోఆర్డినేటర్, ఆర్‌ఏలు. గ్రాంటు అయిపోతే ముందు పోయేవీ ఈ ఉద్యోగాలే. అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: ఇది గ్రాంటులో ఎన్నో ఏడాది? ఎంతమందిని చేర్చుకోవాలి, ఇప్పటికి ఎంతమంది చేరారు? ఫాలో-అప్‌కి ఎంత శాతం తిరిగి వస్తున్నారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పలేని ల్యాబ్ అయితే ఆలోచించుకోవాలి.

కోఆర్డినేటర్ చేతిలో ఐఆర్‌బీ (పరిశోధనలో నైతికత చూసే కమిటీ) కాగితాలు, స్క్రీనింగ్, షెడ్యూలు, గిఫ్ట్ కార్డుల లెక్క ఉంటాయి. ఒక్క కార్డుకి లెక్క తేలకపోయినా ఆడిట్‌లో తలనొప్పే. డేటా మేనేజర్ రెడ్‌క్యాప్ అనే డేటా సాఫ్ట్‌వేర్‌లో ఫారాలు కడతారు. వాళ్లతో మొదటిరోజు నుంచే సఖ్యంగా ఉండండి. స్టడీ డాక్టరో నర్సో అర్హత చూస్తారు, ఏదైనా ఆరోగ్య సమస్య వస్తే రిపోర్టు రాస్తారు.

స్టాటిస్టీషియన్ ఎవరు ఏ గ్రూపులో పడాలో లాటరీ జాబితా తయారుచేసి తాళం వేసి ఉంచుతారు. ఆర్‌ఏకి అది ముందుగా తెలియకూడదు. తర్వాతి పేరు కంట్రోల్ గ్రూపులో (పోల్చి చూడడానికి ఉంచిన గ్రూపు) పడుతుందని తెలిస్తే, ఎదురుగా కూర్చున్న మనిషి అవస్థ చూసి 'ఈయన్ని రేపు రమ్మందాం' అని ఎవరికైనా అనిపిస్తుంది. మనసు మంచిదే గానీ ట్రయల్ అక్కడే చెడిపోతుంది.

పీర్ స్పెషలిస్ట్ అంటే ఒకప్పుడు వాడి, బయటపడి, శిక్షణ తీసుకున్నవారు. వీరిని అలంకారానికి పెట్టుకునే ల్యాబులూ ఉన్నాయి, అది తప్పు. ఏ ప్రశ్నకి జనం ముఖం మాడ్చుకుంటారో, ఏ షెల్టర్‌లో ఎన్ని గంటలకి వెళితే మనిషి దొరుకుతాడో చెప్పగలిగేది వీరే. ప్రశ్నావళి ఐఆర్‌బీకి వెళ్లకముందే వీరి చేత చదివించాలి.

మీ పని అసలు కష్టం మనుషులు తిరిగి వచ్చేలా చూసుకోవడంలో ఉంది. మళ్లీ వాడడం మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా రావడం మానేస్తారు. వచ్చినవాళ్ల లెక్కే చూస్తే చికిత్స ఉన్నదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. అందుకే చేరిన రోజే లొకేటర్ ఫారం నింపాలి: రెండు ఫోన్ నంబర్లు, కబురు అందించగల ముగ్గురు మనుషులు, ఫోన్ కట్ అయితే ఎక్కడ ఉంటారో. ప్రతి విజిట్‌లో దాన్ని సరిచూడాలి, ఈ జనాభాలో నంబర్లు చాలా త్వరగా మారిపోతాయి. వాయిస్ మెయిల్‌లో డ్రగ్స్ అన్న మాట రాకూడదు. 'యూనివర్సిటీ హెల్త్ స్టడీ నుంచి' అంటే చాలు, అదికూడా ఐఆర్‌బీ ఒప్పుకున్న స్క్రిప్టు ప్రకారమే.

ల్యాబ్‌బెంచి:
రోజువారీ పని నేను రాస్తాను. ఒక విజిట్ ఇలా నడుస్తుంది.

మొదటి విజిట్ అయితే కన్సెంట్‌కి ముందు బ్రెత్ టెస్ట్. చాలా ప్రోటోకాళ్లలో రీడింగ్ సున్నా ఉంటేనే సంతకం చెల్లుతుంది. ఎక్కువ వస్తే ఇంకోరోజు రమ్మంటారు, బండి నడపనివ్వరు. టాక్సీ డబ్బులు బడ్జెట్‌లో ఉన్నాయా లేదా ముందే కనుక్కోండి.

తర్వాత యూరిన్ కప్పు. చేతికి రాగానే పక్కనున్న ఉష్ణోగ్రత పట్టీ చూడాలి. నాలుగు నిమిషాల లోపు 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. ఆలస్యం చేస్తే చల్లారిపోయి, నిజమైన శాంపిల్ కూడా అనుమానంలో పడుతుంది. క్రియాటినిన్ 20 మిల్లీగ్రాముల (డెసిలీటరుకి) కంటే తక్కువుంటే బాగా నీళ్లు తాగి పలచబరిచి ఉండొచ్చు. కప్పులోని టెస్టు స్ట్రిప్‌ల మీద వచ్చే గీతల్ని తయారీదారు చెప్పిన సమయానికే, మామూలుగా ఐదు నిమిషాలకి, చదవాలి.

కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. గీత ఎంత సన్నగా ఉన్నా అది గీతే, అంటే నెగటివ్. అసలు గీత రాకపోతేనే పాజిటివ్. కంట్రోల్ గీత రాకపోతే ఆ కప్పు చెల్లదు, ఇంకోటి తీయాలి. 'కొంచెం పాజిటివ్' అనే ఫలితం లేదు, అలా ఎక్కడా రాయకండి.

కప్పు మీద మెథాంఫెటమైన్ కటాఫ్ (ఇంతకి చేరితే పాజిటివ్ అనే హద్దు) మిల్లీలీటరుకి 500 నానోగ్రాములా, 1000 నానోగ్రాములా చూసుకోండి. మధ్యలో బ్రాండ్ మారిస్తే నెలనెలా ఫలితాలు పోల్చడానికి పనికిరావు. ఆంఫెటమైన్ గీత ఒక్కటే పాజిటివ్ వచ్చి మెథ్ గీత నెగటివ్ అయితే ఏకాగ్రత లోపానికి (ఏడీహెచ్‌డీ) వాడే అడెరాల్ కావచ్చు. బుప్రోపియాన్, లాబెటలాల్, ప్రోమెథజీన్, సూడోఎఫెడ్రిన్ లాంటి మందులు తప్పుడు పాజిటివ్ తెప్పించగలవు. అమెరికాలో అమ్మే కొన్ని ముక్కు ఇన్హేలర్లలో ఉండే లెవ్‌మెథాంఫెటమైన్ కూడా అంతే. అందుకే ఏ మందులు వాడుతున్నారో ప్రతిసారీ అడగాలి, వివాదం వస్తే మాస్ స్పెక్ట్రోమెట్రీకి (ల్యాబ్‌లో చేసే కచ్చితమైన పరీక్ష) పంపాలి. ఓపియేట్ గీత ఫెంటనిల్‌ని పట్టుకోదు, దానికి విడిగా స్ట్రిప్ కావాలి. ఈ రోజుల్లో అది లేకుండా, అలమరాలో నాలోక్సోన్ (ఫెంటనిల్ లాంటివి మోతాదు మించితే ఇచ్చే విరుగుడు) లేకుండా విజిట్ చేయకూడదని గట్టిగా అంటాను.

ఫలితం నెగటివ్ అయితే బహుమతి అప్పటికప్పుడే, ఆ గదిలోనే ఇవ్వాలి. 'నెలాఖరుకి మెయిల్ చేస్తాం' అన్న క్షణంలో ఈ పద్ధతిలో సగం బలం పోతుంది.

తర్వాత టైమ్‌లైన్ ఫాలో-బ్యాక్. గత 30 రోజుల క్యాలెండర్ ముందు పెట్టి రోజుకి రోజు ఎంత వాడారో రాయడం. నేరుగా 'ఫలానా తేదీన వాడారా' అంటే ఎవరికీ గుర్తుండదు. ముందు జీతం పడిన రోజు, కోర్టు తేదీ, పుట్టినరోజు, జ్వరంతో పడుకున్న రోజులు గుర్తుపెట్టించి, ఆ మేకుల మధ్య ఖాళీలు నింపాలి. 'ఆ వారం వాడలేదు కదా?' అని అడిగితే మీరే జవాబు చెప్పినట్టు. 'ఆ వారం ఎలా గడిచింది?' అని అడగండి.

చివర్లో ఆత్మహత్య ఆలోచనల స్క్రీనింగ్. అవును అని వస్తే ఎవరికి ఫోన్ చేయాలో గోడమీద రాసి ఉండాలి. ఆ మనిషిని ఒంటరిగా వదిలి కోఆర్డినేటర్ కోసం వెతుక్కుంటూ వెళ్లకండి.

వేసవిగాలి:
చాలా కృతజ్ఞతలండి. పాజిటివ్ వస్తే ఏం చెప్పాలి? ఇంకోటి, బహుమతి ఎంత ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?

ల్యాబ్‌బెంచి:
పాజిటివ్ వస్తే ఉపదేశం వద్దు. 'ఈరోజు మెథ్‌కి పాజిటివ్ వచ్చింది, అందుకని కార్డు లేదు. వచ్చినందుకు థాంక్స్. శుక్రవారం నెగటివ్ వస్తే మళ్లీ మొదలవుతుంది.' అంతే. ముఖం చిట్లించినా, జాలిపడి కార్డు ఇచ్చేసినా రెండూ హానే. ఆర్‌ఏ దయ చూపిస్తే దక్కుతుందని అనుకున్నారంటే టెస్టుకీ బహుమతికీ సంబంధం తెగిపోతుంది.

మొత్తాల సంగతి. వెర్మాంట్ యూనివర్సిటీలో స్టీఫెన్ హిగిన్స్ బృందం కొకైన్ వాడేవాళ్లకోసం 1990ల మొదట్లో ఖాయం చేసిన పట్టికే చాలామందికి మూలం. వారానికి మూడు శాంపిళ్లు, 12 వారాలు. మొదటి నెగటివ్‌కి 2.50 డాలర్లు, వరసగా వచ్చే ప్రతి నెగటివ్‌కి 1.25 పెరుగుతుంది, వరసగా మూడు వస్తే 10 డాలర్ల బోనస్. ఒక్కటి పాజిటివ్ వచ్చినా, శాంపిల్ ఇవ్వకపోయినా మళ్లీ 2.50కి. అయితే ఆ తర్వాత వరసగా ఐదు నెగటివ్ ఇస్తే పడిపోయిన చోటికి తిరిగి చేరుస్తారు. ఈ చివరి నియమం చాలా ముఖ్యం, అది లేకపోతే పదో వారంలో జారినవాళ్లు ఇక ఎందుకులే అని మానేస్తారు. 36 శాంపిళ్లూ నెగటివ్ అయితే మొత్తం 997.50 డాలర్లు.

అంత డబ్బు క్లినిక్కులు పెట్టలేవు కాబట్టి కనెక్టికట్ యూనివర్సిటీలో నాన్సీ పెట్రీ గిన్నెలోంచి చీటీలు తీయించే పద్ధతి తెచ్చారు. 500 చీటీల్లో 250 మీద 'గుడ్ జాబ్' అని మాత్రమే ఉంటుంది, 209 చిన్న బహుమతులు, 40 పెద్దవి, ఒక్కటి జంబో. నెగటివ్‌లు వరసగా వచ్చేకొద్దీ తీసే చీటీలు పెరుగుతాయి. తీసిన చీటీ చూసి మళ్లీ గిన్నెలోనే వేయాలి. మరిచిపోతే అవకాశాల లెక్క మారిపోతుంది.

మెథ్ ట్రయల్స్‌లో వారానికి రెండుసార్లు టెస్టు పెట్టేది ఎందుకంటే, మెథ్ యూరిన్‌లో సుమారు రెండు నుంచి నాలుగు రోజులు కనిపిస్తుంది. సోమ-గురు, మంగళ-శుక్ర అయితే మధ్యలో వాడింది చాలావరకు తప్పించుకోదు. మరీ దగ్గర పెడితే ఒకే వాడకానికి రెండు దెబ్బలు పడతాయి.

ఐ20:
వీసా సంగతి. మీ డిగ్రీ సీఐపీ కోడ్ (కోర్సుకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) స్టెమ్ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఉన్నాయి, మామూలు ఎంపీహెచ్ కోడ్ లేదు. ఉంటే 12 నెలల ఓపీటీ (చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతి) మీద మరో 24 నెలలు వస్తుంది. ఆ 24 నెలల్లో జీతం లేని పని చెల్లదు, వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్లాన్ ఫారం మీద సూపర్‌వైజర్ సంతకం కావాలి. యూనివర్సిటీలు హెచ్‌-1బీ లాటరీ కోటా బయట ఉంటాయి, అది మీకు కలిసొచ్చే విషయం. మిగతా నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి కనుక మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి నిర్ధారించుకోండి.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇప్పుడే తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. టీ32 ట్రైనింగ్ సీట్లు, ఎఫ్31 ఫెలోషిప్ అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. 'ల్యాబ్‌లో టీ32 ఉంది' అని ఎవరైనా ఆశపెడితే అది మీకు వర్తించదు. పీఐ ఆర్01 మీద ఆర్‌ఏ జీతం, పీహెచ్‌డీ తర్వాత కే99/ఆర్00 గ్రాంటు వీసా మీద ఉన్నవాళ్లకీ అందుతాయి.

ఇందూరు:
తెలంగాణ అన్నారు కాబట్టి చెప్తున్నా. మీరు నేర్చుకునేదంతా పనికొస్తుంది, ఒక్క కప్పు తప్ప. ఇక్కడ మెథ్ కంటే ముందు మద్యం, కల్తీ కల్లు. కల్తీలో కలిపేది డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు ఆపించినప్పుడు జనం ఫిట్స్‌తో, మతి తప్పి, నాలుక కొరుక్కుని ఆస్పత్రులకి వచ్చారు. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది, డాక్టరు చూస్తూ మోతాదు మెల్లగా తగ్గించాలి. కాబట్టి ఇక్కడ ట్రయల్ అంటే మొదట డాక్టరు, తర్వాతే బహుమతి.

టెస్టు ఎందుకు పనికిరాదంటే: బెంజో (డైజిపామ్ తరహా మందుల) స్ట్రిప్ డైజిపామ్‌ని పట్టుకుంటుంది, ఆల్ప్రాజోలంని కిట్‌ని బట్టి పట్టుకుంటుంది, క్లోరల్ హైడ్రేట్‌ని అసలు పట్టుకోదు. పైగా చాన్నాళ్లు తాగినవాళ్లకి డైజిపామ్ ఆనవాళ్లు ఆపేశాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపిస్తాయి. అంటే నెగటివ్ వచ్చినా తాగి ఉండొచ్చు, పాజిటివ్ వచ్చినా మానేసి ఉండొచ్చు. వెర్మాంట్ పట్టికని ఇక్కడ ఉన్నదున్నట్టు పెడితే నిజంగా మానినవాళ్లకే శిక్ష పడుతుంది. నిర్ణీత రోజుకి క్లినిక్‌కి రావడం, మందు నర్సు ఎదుట వేసుకోవడం లాంటి వాటికి బహుమతి కట్టడం మేలు.

టైమ్‌లైన్ ఫాలో-బ్యాక్ మాత్రం చక్కగా నడుస్తుంది. మేకులు మార్చుకోండి: బతుకమ్మ, బోనాలు, జాతర, పింఛను పడిన రోజు, వరి కోతలు. తాగింది సీసాల్లో అడిగి రాయండి, డ్రింకుల్లోకి మార్చకండి. కల్లు గాఢత దుకాణానికో రకం. చదవడం రానివారి కన్సెంట్‌కి వేలిముద్రతోపాటు ల్యాబ్‌కి సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయాలి.

శిక్షణకి బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్, ఘజియాబాద్‌లో ఎయిమ్స్ వారి ఎన్‌డీడీటీసీ (డ్రగ్స్ వ్యసన చికిత్సకి జాతీయ కేంద్రం) ముందు చూడండి. 2019లో వచ్చిన జాతీయ సర్వే ఎన్‌డీడీటీసీ చేసిందే: 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం మద్యం తాగుతారని తేల్చింది. ఆ నివేదికలో రాష్ట్రాలవారీ పట్టికలు ఉన్నాయి, ఏపీ, తెలంగాణ అంకెలు విడివిడిగా చూసుకోవచ్చు.