గంటెడా, గరిటెడా?

పటమట నుంచి: మా మేనకోడలు పరీక్షలో ‘గంగిగోవు పాలు గంటెడైనను చాలు’ అని రాసింది. టీచరమ్మ గంటెడు చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి, ‘ఈ మాట నిఘంటువులో లేదు, గరిటెడు’ అని రాశారు. అర మార్కు పోయింది. మా అమ్మ నేర్పింది మాత్రం గంటెడే. రెండో పాదం ‘కడివెడైన నేల’నా, ‘నేమి’నా? అదీ గుర్తు రావట్లేదు. అసలు నిఘంటువులో లేకపోతే మాట తప్పేనా?

బ్రాడీపేట మాస్టారు: గంటె అంటే గరిటే, నిఘంటువులకెక్కిన మాటే. ఆవిడ గంటెడు కోసం వెతికి ఉంటారు. ‘ఎడు’ కొలత చెప్పే ప్రత్యయం. దోసెడు, కడివెడు, పట్టెడు. అది తగిలించిన ప్రతి మాటకూ నిఘంటువులో వేరే ఆరోపం, అంటే విడి పద్దు, ఎవరిస్తారు? మనం రోజూ గ్లాసుడు నీళ్లు అంటాం. 1885 నాటి శబ్దరత్నాకరంలో అది వెతుక్కుంటామా?

లబ్బీపేట నుంచి: మాస్టారూ, నిఘంటువు ఎందుకు, ఛందస్సు తేల్చేస్తుంది కదా. ఆటవెలది మొదటి పాదం, మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ‘గరిటెడై’ నగం, అంటే ఇంద్రగణమే. సరిపోయింది.

బ్రాడీపేట మాస్టారు: ‘గంటెడై’ రగణం నాయనా, అదీ ఇంద్రగణమే. తర్వాత ‘నను చాలు’ ఎటూ సలమనే ఇంద్రగణమే. యతి కూడా రెండింటికీ సరిపోతుంది. ఛందస్సు చేతులెత్తేసింది.

లబ్బీపేట నుంచి: అయితే పాత ప్రతులే దిక్కు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేముందు ఎన్ని తాళపత్రాలు పోల్చుకున్నాడు! వేమన చేతిరాత ఉంటే ఈ గొడవే లేదు. నా ఓటు గంటెకే. గం, గం అని మోగుతుంది.

విజయనగరం కోడలు, ప్రస్తుతం గుంటూరు: మా వైపు గంటెలంటే సజ్జలండీ! పెళ్లయిన కొత్తలో ‘గంటె అందుకో’ అంటే డబ్బాల్లో సజ్జల కోసం వెతికాను. అత్తయ్యగారు ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తారు.

నరసరావుపేట నుంచి: ధాన్యం మాట వచ్చింది కాబట్టి, శ్రీనాథుడిదని చెప్పుకునే పల్నాటి చాటువులో ‘జొన్నకలి, జొన్నయంబలి’ ఉంది చూడండి. ఆ కలి ఏమిటి? మా నాయనమ్మ కుండలో పులిసిన గంజిని కలి అనేది.

బ్రాడీపేట మాస్టారు: తమిళంలో కళి అంటే సంకటి. పక్కనే అంబలి ఉండగా మళ్లీ గంజి ఎందుకు చెబుతాడు? నాకు సంకటే అనిపిస్తుంది.

నరసరావుపేట నుంచి: అది ళకారం మాస్టారూ, ఇది లకారం. కొండవీట్లో అంతకాలం ఉన్నవాడికి ఆపాటి తేడా తెలియదా?

పటమట నుంచి: అయ్యా, పిల్ల అర మార్కు సంగతి? రేపు టీచరమ్మకి ఏమని చెప్పను?

బ్రాడీపేట మాస్టారు: ఉండమ్మా, ఈ లకారం సంగతి తేల్చనీ.