ఈత రానోళ్లను పగడాల మీదికి స్కూబాకు దింపొచ్చా?

పెన్నాగట్టు (అనంతపురం):
మా ఆఫీసోళ్లు సంక్రాంతి సెలవుల్లో మురుడేశ్వర్ పోయి, నేత్రాణి ద్వీపం కాడ సముద్రం అడుగున ప్రాణంతో పెరిగే పగడాలను చూసేదానికి స్కూబా (గాలి సిలిండర్ కట్టుకోని నీళ్లలో మునిగేది) చేద్దామంటాండారు. సగానికి సగం మందికి ఈత రాదు. "రాకపోయినా ఏం కాదు సార్, ట్రైనర్ పట్టుకుంటాడు" అని బుకింగ్ ఆయన చెప్తాండాడు. నాకైతే అట్ల దింపడం తప్పనిపిస్తాది. చేసినోళ్లు చెప్పండి.

బురుజునీడ (కర్నూలు):
తప్పేముందన్నా? నాకు ఈత రాదు, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ (అదే, పాత హావ్‌లాక్) కాడ దిగినా. ట్రైనర్ వెనకనుంచి సిలిండర్ పట్టుకొనే ఉన్న్యాడు. కొత్తోళ్లను 12 మీటర్లు దాటనియ్యరు. ఈత వస్తేనే అని రూల్ పెడితే మన సీమలో ఎంతమందికి ఆ సముద్రం కనపడ్తాది? తాగేదానికే నీళ్లు లేని ఊర్లలో ఈత యాడ నేర్చుకోవాల?

బెండుకట్టు (కడప):
కె.సి. కాలువ యాడికి పోయిందప్పా? మమ్మల్ని నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసినారు, అట్లనే నేర్చుకున్యాం. ఈత వచ్చినోడికి బెదురుండదు. బెదురులేనోడు పగడాన్ని పట్టుకోని యాలాడడు.

నీటిబుడగ (అనంతపురం):
కోర్సు చేసినోణ్ణి కాబట్టి ఒక మాట. బెండుకట్టు అన్నా, బావి ఈతలో మొదట వచ్చే అలవాటు ఊపిరి బిగబట్టడం. స్కూబాలో అదే ప్రాణం మీదికి తెస్తాది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెండింతలు. అక్కడ సిలిండర్ గాలి నిండా పీల్చి, బిగబట్టుకోని పైకొస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బుతాది, ఊపిరితిత్తులు చిట్లుతాయి. అందుకే ఊపిరి ఆడిస్తానే ఉండమనేది మొదటి పాఠం.

పగడాల సంగతికొస్తే, ఈత వచ్చిందా రాలేదా అనేది కాదు లెక్క. మునగకుండా, తేలకుండా నీళ్ల మధ్యలో నిలవడం వచ్చిందా? అది ఈతగాడికైనా ఒక్కపూటలో రాదు. గాలి కొంచెం ఎక్కువ పీలిస్తే పైకి లేస్తాం, వదిలితే కిందికి దిగుతాం. ఆ కంగారులో కాళ్లకు తొడిగిన ఫిన్ (రెక్క మాదిరి చెప్పు) పోయి పగడానికి తగుల్తాది. గుండ్రాయి మాదిరి కనపడే పగడం ఏడాదికి సెంటీమీటరు అటూఇటూ పెరుగుతాది. విరిగితే ఎన్నేండ్లో మీరే లెక్కేసుకోండి. పైగా కాళ్లతో లేపిన ఇసుక దాని మీద పేరుకుంటే వెలుతురు అందదు. దానికి తిండి చేసిపెట్టే నాచు బతికేది ఆ వెలుతురుతోనే.

బురుజునీడ:
సముద్రం వేడెక్కి 1998లో, 2010లో, 2016లో మన పగడాలు జబ్బుపడి తెల్లబడినాయి. దాని ముందర మా కాళ్లెంత?

నీటిబుడగ:
జ్వరమొచ్చి పడుకున్నోణ్ణి తొక్కుకుంటా పోతామా?

బెండుకట్టు:
ఆ మాట బాగుండాది. ఇంకోటి, విరిగిన ముక్క కదా అని జేబులో వేసుకొస్తారు కొందరు. 1972 వన్యప్రాణి చట్టంలో పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉండాది, గుర్తుపెట్టుకోండి.

నీటిబుడగ:
పెన్నాగట్టు అన్నా, మీవాళ్లను మానిపించొద్దు. ట్రైనర్‌కు ఒక్కరే ఉండాల. ముందు ఇసుక అడుగున్న చోట దింపి, ఊపిరి అలవాటైనాకనే పగడాల పక్కకు తీస్కపోవాల, మీదికి కాదు. ఒప్పుకుంటేనే డబ్బులు కట్టండి.

బురుజునీడ:
ఇసుక చూసేదానికి అంత దుడ్డు ఎవురు పెడ్తారప్పా? చిత్రావతి కాడ ఉచితంగా చూడొచ్చు.

పెన్నాగట్టు:
ఇప్పుడే ఫోన్ చేసినా. ట్రైనర్‌కు ఎంతమంది అని అడిగితే "వీడియో ఫ్రీ సార్" అన్న్యాడు. మళ్లా అడిగినా. "ఫొటోలు కూడా ఫ్రీ సార్." ఇంకొకర్ని చూస్తాండా.