ఏటికి ఎదురీదే ఆలోచనాపరులకు వేదిక ఇవ్వాలా? ఆరోగ్యం మాటేమిటి?

తీరవాసి (చర్చ ప్రారంభం)

విశాఖపట్నంలో మా పఠన బృందం నెలకొక సంభాషణ ఏర్పాటు చేస్తోంది. ఆధ్యాత్మికత, విజ్ఞానశాస్త్రం, ఆరోగ్యం, అంతుచిక్కని విషయాలు అనే నాలుగింటిలో ఏదో ఒకదాని గురించి, పదిమందీ ఒప్పుకున్న దారిని విడిచి ఆలోచించే వ్యక్తిని పిలుస్తాము. ఎదురుగా ఒకరు కూర్చుని మాట్లాడిస్తారు. ఇటీవలి సభలో వక్త మధుమేహానికి జీవితాంతం మందులు అక్కర్లేదని, తన పొడితో వాటిని మానేయవచ్చని చెప్పారు. ఎదుట ఉన్నవారు తలూపి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అప్పటి నుంచి బృందంలో రెండు వాదాలు నడుస్తున్నాయి. ఆరోగ్యాన్ని జాబితా నుంచి తీసివేయాలని కొందరు, విషయం తెలిసిన ప్రతివాదిని పక్కన కూర్చోబెడితే చాలునని కొందరు అంటున్నారు. తీసివేయడం నాకు ఇష్టం లేదు. ఎదురు ప్రశ్న లేకుండా సాగించడం అంతకన్నా ఇష్టం లేదు. మీరేమంటారు?

కందిచేను

వేదిక ఉండవలసిందే. ఈ మాట విశాఖలో చెప్పడం మరింత సులువు. 1967లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రంతో పాటు పరామనోవిజ్ఞానానికి (అతీంద్రియ శక్తుల అధ్యయనానికి) కూడా చోటిస్తూ ఒక శాఖ ఏర్పడింది. దాన్ని నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో అతీంద్రియ శక్తిపై ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసినవారు, ఆ తరువాత డర్హమ్‌లో రైన్ స్థాపించిన సంస్థకే సంచాలకులైనవారు, మన విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, మలి వయసులో గీతం కులపతిగా ఉన్నవారు. మనసు ఇంద్రియాలను దాటి తెలుసుకోగలదన్న ఆయన నమ్మకాన్ని నేను పంచుకోను. అయినా ఆ సంప్రదాయం ప్రశ్నను ఎలా పెట్టిందో గమనించండి. కార్డు చూడకుండా దానిపై గుర్తు చెప్పమనే పరీక్షకు రైన్ వాడిన కార్డులు 25, వాటిపై గుర్తులు అయిదు. గుడ్డిగా చెప్పినా సగటున అయిదు సరిపోతాయి. అంతకు మించి ఎన్ని, ఎన్నిసార్లు, ఎవరి పర్యవేక్షణలో అన్నదే చర్చ. ఫలానా స్వామి కళ్లు మూసుకుని అంతా చెప్పేశారన్న కబురుతో మనం ఏమీ చేయలేము. ఈ లెక్కతో మాత్రం తగువు పెట్టుకోవచ్చు.

నా మారుపేరుకు కారణమైన ఇంకొకరి సంగతి కూడా చెబుతాను. రూపర్ట్ షెల్‌డ్రేక్ 1970లలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో కంది మీద పరిశోధన చేసిన వృక్ష శరీరధర్మ శాస్త్రవేత్త. ప్రకృతికి ఒక విధమైన జ్ఞాపకం ఉంటుందని, ఒక జాతి ప్రాణులు నేర్చుకున్నది అదే జాతిలోని మిగిలిన వాటికి దూరంతో నిమిత్తం లేకుండా అందుతుందని 1981లో పుస్తకం రాశారు. నేచర్ పత్రిక సంపాదకుడు జాన్ మ్యాడాక్స్, ఇది తగులబెట్టవలసిన పుస్తకమా అన్న శీర్షికతో సంపాదకీయమే రాశారు. నాకు ఆ సంపాదకీయం కన్నా 1990 ప్రాంతంలో జరిగిన ప్రయోగం ముఖ్యం. షెల్‌డ్రేక్ భావనను ఏ మాత్రం నమ్మని మెదడు శాస్త్రవేత్త స్టీవెన్ రోజ్, ఆయనతో కలిసే కోడిపిల్లల మీద ఒక పరీక్ష రూపొందించారు. ఫలితాలు వచ్చాక ఇద్దరూ వాటిని చెరొక రకంగా చదివారు, తగువు తెగలేదు. అయినా ఏ అంకె గురించి తగువు పడుతున్నారో ఇద్దరికీ తెలుసు. మన సభల్లో లోపించినది అదే.

పాత పోస్టాఫీసు

నేను వైద్యవృత్తిలో ఉన్నాను. కోడిపిల్లల విషయంలో తప్పు తేలితే ఒక సిద్ధాంతం పోతుంది. ఇన్సులిన్ మానేసిన మనిషి విషయంలో తప్పు తేలేది అత్యవసర విభాగంలో. ఈ రెండింటినీ ఒకే వేదికపై, ఒకే మర్యాదతో నడపగలమని అనుకోవడమే నాకు అభ్యంతరం.

వక్త మేధావి కావడం మనకు రక్ష కాదు. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిని కనిపెట్టి 1993లో నోబెల్ పొందిన కారీ ముల్లిస్, ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమన్న సంగతిని చివరిదాకా ఒప్పుకోలేదు. అదే వాదన చేసిన పీటర్ డ్యూస్‌బర్గ్ సామాన్యుడు కాదు, పేరున్న వైరస్ శాస్త్రవేత్త. 2000లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ నియమించిన సలహా మండలిలో డ్యూస్‌బర్గ్‌కు, ఆయనతో ఏకీభవించేవారికి చోటు దక్కింది. ఇరుపక్షాలూ వినాలన్న మంచి మాటే అక్కడా చెప్పారు. అక్కడ ఎయిడ్స్ మందుల పంపిణీ ఆలస్యమైనందువల్ల మూడు లక్షల ముప్పైవేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

మన దగ్గరకే వస్తే, 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య గారి మందుపై టీవీలలో రోజుల తరబడి సాగిన వాదనలు గుర్తు చేసుకోండి. నేను చూసిన చర్చలన్నీ ఆయుర్వేదం మీద నమ్మకం ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోయాయి. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకుంటున్నప్పుడు, తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పోల్చకుండా మందు పనిచేసిందని ఎలా చెబుతారన్న ప్రశ్న ఎక్కడో అడుగున పడిపోయింది. నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. ఆ అనుమతితో చర్చ ముగిసిందనుకున్నారు తప్ప, ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

లాసన్స్ బే పాఠకురాలు

పాత పోస్టాఫీసు గారి కొలత ప్రకారం బ్యారీ మార్షల్‌ను కూడా గుమ్మం దగ్గరే ఆపివేయాలి. కడుపులో పుండ్లకు ఆందోళన, ఆమ్లం కారణమని అందరూ నమ్ముతున్న రోజుల్లో, ఆయనా రాబిన్ వారెన్ కలిసి అది బ్యాక్టీరియా పని అన్నారు. ఎవరూ పట్టించుకోకపోతే 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆనాడు ఆయనకు వేదిక ఇచ్చినవారు తప్పు చేశారా?

పాత పోస్టాఫీసు

మార్షల్ పేరు వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇలాంటి ప్రతి చర్చలోనూ ఆయన వస్తారు, ఆయనలా ఎదురీది మునిగిపోయినవారు రారు. ఆయన ద్రవం తాగింది స్వయంగా. జబ్బు పడి, కడుపులోంచి నమూనా తీయించి చూపించారు. ఆ తరువాత యాంటీబయాటిక్స్ ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పోల్చిన పరీక్షలు జరిగాయి. వేదికెక్కి జనాన్ని మందులు మానేయమనలేదు. తన మాట తప్పని ఏది చూస్తే ఒప్పుకుంటారో ఆయన చెప్పగలిగారు. మీ పొడి వక్తను ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

సింహగిరి

విజ్ఞానం, వైద్యం గురించి మీరంతా చెప్పినది అంగీకారమే. కానీ ఆధ్యాత్మికతను కూడా ఇదే బోనులో నిలబెట్టకండి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారికీ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌కూ మధ్య 1980లో జరిగిన సంభాషణలలో కార్డులూ లేవు, కోడిపిల్లలూ లేవు. కాలం, ఆలోచన, భయం గురించి ఇద్దరు మనుషులు ఓపికగా తవ్వుకుంటూ వెళ్లారు. ధ్యానంలో నాకు ఇలా అనిపించింది అని ఒకరు చెబితే దానికి నియంత్రిత పరీక్ష అడగడం మొరటుతనం.

కందిచేను

మొరటుతనమే, ఒప్పుకుంటాను. అయితే బోమ్ వట్టి శ్రోత కాదు. ఒక మాట అస్పష్టంగా దొర్లితే దాన్ని వెనక్కి లాగి, మీ ఉద్దేశం ఇదా అని అడుగుతారు. సరిపోకపోతే మళ్లీ అడుగుతారు. మాకు కావలసిన ప్రతివాది అటువంటివాడే. అదీకాక, ధ్యానంలో నాకు ఇలా అనిపించింది అన్న వక్త పది నిమిషాల తరువాత ధ్యానంతో కీళ్లవాతం పోతుందంటే, ఆ క్షణం నుంచి ఆయన పాత పోస్టాఫీసు గారి ఇలాకాలోకి వచ్చినట్టే. ఈ దాటడం మన సభల్లో తరచు జరుగుతుంది, ఎవరూ పట్టుకోరు.

తీరవాసి

చర్చను బట్టి నాకు తోచినది రాస్తున్నాను. ఆరోగ్యాన్ని తీసివేయము. వక్తకు ముందుగానే ఒక ప్రశ్న రాసి పంపుతాము: మీరు చెప్పేది తప్పని ఏ ఫలితం చూస్తే ఒప్పుకుంటారు? జవాబు సభ మొదట్లోనే చదివి వినిపిస్తాము. ఏ ఫలితమూ లేదని రాసినా సరే, అదీ చదువుతాము.

రైన్ సంస్థలోనే 1974లో వాల్టర్ లెవీ అనే పరిశోధకుడు అంకెలు తారుమారు చేస్తున్నాడని అనుమానించి పట్టుకున్నది బయటి హేతువాదులు కాదు, అతని సహచరులే. అతీంద్రియ శక్తిని నమ్మినవారే తమ మనిషిని తనిఖీ చేశారు. కాబట్టి ప్రతివాది వక్తకు శత్రువు కానక్కర్లేదు; అదే రంగం తెలిసినవారైతే ఇంకా మేలు.

లాసన్స్ బే పాఠకురాలు

ముందుగా అటువంటి ప్రశ్న పంపితే సగం మంది రారు.

తీరవాసి

రాకపోతే ఆ నెల సభ ఉండదు.

పాత పోస్టాఫీసు

ప్రశ్న బాగుంది. ఇంకొక షరతు చేర్చండి. గత సభ ముగియగానే గుమ్మం బయట ఆ పొడి డబ్బాలతో ఒక బల్ల వెలిసింది, పక్కనే మధుమేహం పూర్తిగా నయమవుతుందని రాసిన కరపత్రాలు పంచారు. ఏయే జబ్బులను నయం చేస్తామని ప్రకటించకూడదో 1954 నాటి చట్టం ఒక జాబితా ఇచ్చింది, మధుమేహం అందులో ఉంది. వేదిక మీద మాట్లాడినది అభిప్రాయం అనవచ్చు, కరపత్రాన్ని ఏమంటారు? బల్ల ఉండదని మాట ఇస్తే, ఆ ఆదివారం డ్యూటీ పడకపోతే, ప్రతివాది కుర్చీలో నేనే కూర్చుంటాను.