ఉపవాసం ఆయనది, శ్రమలు మాకు: ఎలా చెప్పాలి?

తెనాలి కోడలు:
అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ సంఘం. ఈస్టర్ ముందు వచ్చే శ్రమల కాలం (లెంట్) మొదలయ్యే భస్మ బుధవారం నుంచి మావారు రోజూ ఉపవాసం. పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోరు. భక్తికి నేను అడ్డం చెప్పేదాన్ని కాదు. కానీ సాయంత్రమయ్యేసరికి ఆయన ముందు నుంచి నడవాలంటేనే టెన్షన్. నిన్న పిల్లాడి చేతిలోంచి స్టీలు గ్లాసు జారిందని వీధి చివరిదాకా వినబడేలా అరిచారు. ఎరువుల కొట్టులో పనిచేసే కుర్రాడి మీదా ఇదే వరస. ఇక ఆరయ్యేసరికి ఉపవాసం విడవడానికి గారెలు, పులిహోర, సేమ్యా పాయసం సిద్ధంగా ఉండాలి. నేను స్కూలు నుంచి నాలుగున్నరకి వస్తాను, చెప్పులు విప్పగానే మినప్పప్పు రుబ్బడమే. తిని ఆయన ప్రార్థన కూటానికి వెళ్తారు, నేను గిన్నెల దగ్గర.

బైబిల్లో చెప్పిన ఆత్మ ఫలంలో ఆశానిగ్రహం ఉంది కదా, అది పొట్టకేనా, నోటికి వర్తించదా? ఈ మాటంటే "నా ఉపవాసం చెడగొట్టకు" అంటారు. మానెయ్యమంటే పాపమేమోనని నాకు భయం. ఎలా చెప్పాలి?

ప్రార్థనా సైనికుడు:
సోదరీ, ఉపవాసంలో ఉన్నవాళ్లకే శోధనలు ఎక్కువ. యేసుప్రభువు అరణ్యంలో ఆకలిగొన్నప్పుడే కదా శోధకుడు వచ్చింది. ఆయన్ని విమర్శించకుండా మీరు కూడా ఉపవాసముండి ప్రార్థించండి.

రిటైర్డ్ టీచరమ్మ:
తమ్ముడూ, ఆవిడ కూడా ఉపవాసముంటే ఆ మినప్పప్పు ఎవరు రుబ్బుతారో అది కూడా రాయాల్సింది. ప్రభువు శోధనలో అరిచినట్టు నేనెక్కడా చదవలేదు.

అమ్మాయ్, బైబిల్లో యెషయా 58వ అధ్యాయం తియ్యి. ఉపవాసం ఉన్నాం, నువ్వెందుకు చూడలేదు అని దేవుణ్ణి నిలదీసిన జనానికి ఆయనిచ్చిన జవాబు అది. ఉపవాసం రోజునే పనివాళ్లను కష్టపెడుతున్నారు, కలహపడుతున్నారు అంటాడు. మీ కొట్టు కుర్రాడు అందులో ఉన్నాడు చూడు. కాబట్టి నువ్వు అడగడం పాపం కాదు.

మా నాన్నగారు పల్లెల్లో వాక్యం బోధించే ఉపదేశిగా చేశారు. శ్రమల కాలంలో బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం అన్నం మానేసేవారు, అంతే. ఆ పూట ఆయన వంతు బియ్యం అమ్మ సోలతో కొలిచి మూలనున్న కుండలో పోసేది. మామూలు రోజుల్లో సంఘానికని తీసే పిడికెడు బియ్యం కాక ఇది వేరే. మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) ముందు ఆ కుండ మా పేటలోని ఓ ముసలమ్మ ఇంటికి వెళ్లేది. సాయంత్రం నాన్నకి ప్రత్యేకంగా ఏమీ వండేవాళ్లు కాదు, అందరికీ ఉన్న చారు, అన్నమే. పూట మానేస్తే ఆ పూట తిండి ఇంకొకరికి చేరాలని ఆయన పట్టు. మీ ఇంట్లో మానేసిన పూట అంతా రెట్టింపై సాయంత్రం గారెల్లోకి వస్తోంది!

ఇంకొకటి. బుధ, శుక్రవారాల ఉపవాసం తొలినాళ్ల సంఘం నుంచీ ఉన్నదే, మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కూడా ఆ రెండు రోజులే పాటించేవాడు. మీవారు ఆదివారం కూడా ఉంటున్నారా? భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. 6 ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు శుభ్రంగా తినమను.

నైట్ డ్యూటీ నర్సు:
మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మాకు తప్పనిసరి ఉపవాసం భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే, రెండు రోజులే. అదీ 18 నుంచి 59 ఏళ్లవాళ్లకి. ఒక పూట పూర్తి భోజనం చేయొచ్చు, మిగతా రెండుసార్లు కొద్దిగా తినొచ్చు. శుక్రవారాలు మాంసం ముట్టం. ఎక్కువ చేయాలనుకుంటే ఎవరిష్టం వాళ్లది, కానీ లెక్కలో రోజులు పెరిగితే భక్తి పెరిగినట్టు మా ఫాదర్ ఒప్పుకోరు.

అక్కా, మీవారికి టీ అలవాటు ఎలా ఉంది? రోజూ నాలుగైదు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మర్నాటికల్లా తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. అది ఆకలి కోపం కాకపోవచ్చు. తెల్లారకముందు ఒక కప్పు తాగమనండి. వచ్చే ఏడాది లెంట్‌కి రెండు వారాల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటే సరి. షుగర్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ ఉపవాసం అసలు వద్దు.

తెనాలి కోడలు:
షుగర్ లేదు, పోయినేడు పరీక్ష చేయించాం. టీ మాత్రం నిజం! కొట్టు ఎదురుగానే టీ బడ్డీ, రోజుకి ఎన్ని గ్లాసులో లెక్క ఉండదు. నాకు తట్టనే లేదు. ఇవాళ్టి నుంచి గారెలు బంద్, అందరితో పాటే మజ్జిగన్నం అని చెప్పేశాను. ముఖం ముడుచుకున్నారు, కానీ తిన్నారు. రేపు కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవడం పెద్దమ్మాయి వంతు. యెషయా 58 తనకిస్తే సరిపోతుందా?

రిటైర్డ్ టీచరమ్మ:
వద్దు. పిల్లని మధ్యకి లాగకు, వాక్యం వాళ్ల నాన్న మీద విసిరే రాయి అనుకుంటుంది. నువ్వే చెప్పు. అయితే సాయంత్రం ఆరులోపు నోరెత్తకు. ఆదివారం మధ్యాహ్నం, కోడికూర తిని మంచం మీద నడుం వాల్చాక మొదలుపెట్టు. ముందు కొట్టు కుర్రాడి సంగతి ఎత్తు, నీ సంగతి తర్వాత.