ప్రార్థన కూటంలో తప్పు బోధ విన్నప్పుడు కతోలిక విశ్వాసి మౌనంగా ఉండవచ్చునా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ విశ్వాసి

మేము బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు కతోలికులం. మా విచారణలో (పారిష్‌లో) దివ్యబలిపూజ ఇంగ్లీషు, కన్నడ, తమిళ భాషల్లో జరుగుతుంది కనుక, తెలుగులో జపమాల చెప్పుకొని వాక్యం చదువుకోవడానికి మా కుటుంబాలు వారానికొక ఇంట్లో కలుసుకుంటాయి. ఈ కూటాన్ని నడిపించే పెద్దాయన అంటే అందరికీ ఎంతో గౌరవం. కొత్తగా వచ్చినవారికి అద్దె ఇల్లు చూసిపెట్టడం మొదలుకొని ఆసుపత్రిలో రాత్రి తోడుండడం వరకు అన్నిటికీ ఆయనే ముందుంటారు. అయితే మొన్నటి కూటంలో ఆయన, షుగరు వ్యాధితో ఇన్సులిన్ తీసుకుంటున్న ఒక అమ్మగారి తలమీద చేయి ఉంచి ప్రార్థించి, ఇక ఆ సూదితో పనిలేదనీ, సూదిని నమ్ముకున్నంతకాలం విశ్వాసం సగమేననీ అందరి ఎదుట చెప్పారు. ఆమె తన సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, పూలు పెట్టిన బల్లమీద మరియమాత స్వరూపం పక్కన ఉంచేశారు. అందరూ స్తోత్రం చెప్పారు.

అది తప్పని నాకు తెలుసు. కానీ మాట్లాడితే, తీర్పు తీర్చవద్దని ప్రభువు చెప్పలేదా అని అడుగుతారు. పైగా తెలుగులో ప్రార్థించుకోవడానికి మాకున్న ఒక్క కూటమూ చీలిపోతుందని నా భార్య భయపడుతోంది. తప్పు బోధను ఖండించడం గురువుల (ఫాదర్ల) పని కాదా? మామూలు విశ్వాసికి ఆ బాధ్యత ఎంతవరకు ఉంది?

జవాబు: ఆసుపత్రి నర్సు

బాధ్యత ఎవరిదన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు, దయచేసి ముందు ఆ అమ్మగారికి ఫోన్ చేయండి. ఆమెది టైప్ 1 షుగరు అయితే, ఇన్సులిన్ ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లపూరితమై ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఇంట్లో ఉంచకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. "మీ డాక్టరుగారిని అడగకుండా మానవద్దు, ప్రార్థన మాత్రం మానక చేసుకుందాం" అని చెబితే ఆమె నొచ్చుకోరు.

జవాబు: చెన్నై ఉపదేశి

నర్సుగారు చెప్పినది మొదట చేయండి. ఇక మీరు అడిగిన దాని విషయానికి వస్తే, పాపిని మందలించడం శ్రీసభ (కతోలిక సంఘం) బోధించే ఆధ్యాత్మిక దయాకార్యాల్లో ఒకటి. పదమూడవ శతాబ్దపు వేదాంతి పునీత తోమాసు అక్వినాసు తన వేదాంత సంగ్రహంలో, రెండవ భాగపు రెండవ ఖండం 33వ ప్రశ్నలో, సరిగ్గా మీ సందేహాన్నే తీసుకున్నారు: అధికారంతో శిక్షించి దిద్దడం పెద్దల పని, ప్రేమతో హెచ్చరించడం మాత్రం ప్రేమ ఉన్న ప్రతివారి పని అన్నారు. కాబట్టి గురువులున్నారు కదా అని మనం తప్పుకోవడానికి వీల్లేదు. లేవీయకాండం 19వ అధ్యాయంలో పొరుగువానిని నీవలె ప్రేమింపుమన్న ఆజ్ఞకు ముందు వచనమే, తోటివాని తప్పును అతనికి తెలియజెప్పమంటుంది. తీర్పు తీర్చవద్దన్న మాట ఉన్న మత్తయి 7వ అధ్యాయాన్ని కూడా చివరిదాకా చదవాలి. నీ కంటిలోని దూలాన్ని తీసివేసుకున్న తరువాత సోదరుని కంటిలోని నలుసును తీయగలవని ప్రభువు అంటున్నారే తప్ప, ఆ నలుసును అలాగే వదిలేయమని అనడం లేదు.

మీ పెద్దాయన చెప్పినది కతోలిక బోధ కాదనడంలో సందేహమే లేదు. మన బైబులులోని సీరాపుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది, ప్రభువే నేలనుండి మందులను పుట్టించాడంటుంది, ప్రార్థించమనీ వైద్యునికి చోటివ్వమనీ ఒకే చోట చెబుతుంది. స్వస్థత ప్రార్థనల గురించి వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం 2000 సెప్టెంబరులో ఇచ్చిన సూచనలోనూ, ప్రార్థన వైద్యాన్ని తోసిపుచ్చదని స్పష్టంగా ఉంది. మీ పెద్దాయనతో మాట్లాడేటప్పుడు మీ అభిప్రాయాన్ని కాక వీటిని ముందు పెట్టండి.

జవాబు: కె.ఆర్.పురం నుంచి

ఉపదేశిగారి మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలనుకుంటున్నాను. శ్రీసభ అధికారిక బోధనా గ్రంథమైన సత్యోపదేశం 2477వ సంఖ్యలో, ఎదుటివారి గురించి తొందరపడి చెడు తలచడం, సరైన కారణం లేకుండా వారి తప్పులను తెలియనివారికి చెప్పడం, అబద్ధంతో పరువు తీయడం, మూడింటినీ పాపాలుగానే లెక్కించారు. కనుక ఈ సంగతిని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆయన ఉద్దేశం చెడ్డదని కూడా అనకండి, అది మీకు తెలియదు. మత్తయి 18వ అధ్యాయం ప్రకారం ఒంటరిగా కలవడమే మొదటి మెట్టు. అక్వినాసు కూడా, హెచ్చరిక వల్ల మనిషి మరింత చెడిపోతాడనిపిస్తే ఆగవచ్చునన్నారు కదా? కూటంలో నలుగురి ముందు నిలదీయడం నాకు సరిగా తోచడం లేదు.

జవాబు: చెన్నై ఉపదేశి

నిలదీయమని నేనూ అనను. కానీ అదే ప్రశ్నలో అక్వినాసు ఇంకొక మాట అన్నారు: తప్పు ఇతరులకు హాని చేసేదైతే, రహస్య హెచ్చరికతో ఆ హాని వెంటనే ఆగుతుందన్న గట్టి నమ్మకం ఉంటే తప్ప, ఆలస్యం చేయకుండా వెల్లడించాలి. పైగా ఇక్కడ తప్పు రహస్యంగా జరగలేదు. అందరూ విన్నారు, వారిలో రేపు బి.పి. మాత్రలు మానేసేవారూ ఉండవచ్చు. అంతియోకియలో పౌలు పేతురును ముఖాముఖిగా, అందరి ఎదుట ఎదిరించిన సంగతి గలతీయుల లేఖ 2వ అధ్యాయంలో ఉంది. విశ్వాసానికి ప్రమాదం వచ్చినప్పుడు పెద్దలనైనా బహిరంగంగా హెచ్చరించవచ్చునని అక్వినాసు దీని ఆధారంగానే చెబుతూ, కిందివారు దిద్దినా కోపగించని వినయాన్ని పేతురులో చూడమన్నారు. కాబట్టి ముందు ఆయన ఇంటికి వెళ్ళి, ఆయన చేసిన మేలును గుర్తుచేసి, వచ్చే కూటంలో ఆయన నోటితోనే "మందులు మానవద్దు" అని చెప్పించండి. అదే అందరికీ మంచిది.

మళ్ళీ ప్రశ్న: వైట్‌ఫీల్డ్ విశ్వాసి

అమ్మగారితో మాట్లాడాం, వాళ్ళబ్బాయి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాడు. పెద్దాయన ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

జవాబు: కె.ఆర్.పురం నుంచి

ఆయన గౌరవించే ఇద్దరిని వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళండి, కానీ రోజులు సాగదీయకండి. అప్పటికీ వినకపోతే విచారణ గురువుగారికి, విన్నది విన్నట్టుగా, తేదీతో సహా ఉత్తరం రాసి ఇవ్వండి. విశ్వాసులు శ్రీసభ మేలుకు సంబంధించిన అభిప్రాయాన్ని తమ కాపరులకు గౌరవంతో తెలుపుకోవడం హక్కు మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు విధి అని 1983 నాటి శ్రీసభ చట్టం 212వ నిబంధన చెబుతోంది. ఈలోగా తర్వాతి కూటం మీ ఇంట్లోనే పెట్టుకొని, ఆనాటి పఠనంగా సీరాపుత్రుని 38వ అధ్యాయాన్ని మీరే చదవవచ్చు.