అప్‌డేట్: చెక్ భాషతో మూడు నెలలు

సెప్టెంబరులో ప్రాగ్‌కు వచ్చిన వారానికే అడిగాను: చదువంతా ఇంగ్లిషులోనే అయినప్పుడు చెక్ నేర్చుకోవాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని. వ్యాకరణం తరువాత, ముందు దుకాణంలో నోరు విప్పమని చాలామంది చెప్పారు. ఆ సలహా నాకెంతో మేలు చేసింది. అందరికీ ధన్యవాదాలు.

మా వీధి చివరి బేకరీయే నాకు బడి అయింది. లోపలికి అడుగుపెట్టగానే ‘దోబ్రీ దెన్’ అనడం ఇక్కడి మర్యాద. రొహ్లీక్ అనే పొడుగాటి బన్ను ఒకటైతే ‘యెదెన్ రొహ్లీక్’, రెండైతే ‘ద్వా రొహ్లీకి’. ఒకరోజు ఐదు కావాలని ‘ప్యెట్ రొహ్లీకి’ అన్నాను. కౌంటర్ దగ్గరి పెద్దావిడ వాటిని సంచిలో వేస్తూ, ‘ప్యెట్ రొహ్లీకూ’ అని చివరి దీర్ఘాన్ని సాగదీసి మెల్లగా పలికారు. నేను మళ్లీ అనేదాకా సంచి చేతికివ్వలేదు! రెండు నుంచి నాలుగు వరకు మామూలు బహువచనమే, ఐదు నుంచి షష్ఠీ విభక్తి రూపం వస్తుంది. పుస్తకంలో రెండుసార్లు చదివినా ఎక్కని సూత్రం అలా మనసులో నిలిచిపోయింది.

చెక్‌లో ఏడు విభక్తులున్నాయని బెదిరిపోకండి, మనకు విభక్తులు కొత్త కాదు. హ్రస్వ దీర్ఘాలూ అంతే: అచ్చు మీద చిన్న గీత ఉంటే దీర్ఘం. నువ్వు, మీరు లాగే ‘తి’, ‘వి’ ఉన్నాయి; కొత్తవారితో ‘వి’ వాడాలి. ఎవరైనా ‘నో’ అంటే కాదని అనుకోకండి, అది చాలాసార్లు ‘ఆఁ, ఔను’ అన్నట్టే.

ర, ఝ కలిసి పలికినట్టుండే ఆ ఒక్క అక్షరం మాత్రం ఇంకా పట్టుబడలేదు. రోజూ సాధన చేస్తున్నాను.